దీపం ఆరింది, వాల్వ్ మూసుకోలేదు

(అణు విద్యుత్ భద్రత, రేడియేషన్ భయాల మీద జరిగిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకు వినిపిస్తోందా? మైక్ కొంచెం దగ్గర పెట్టుకుంటాను. ఇప్పుడు? సరే.

మాట మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉందాం. ఈ బల్ల మీద అరచేయంత పెట్టె ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేస్తున్నాను. వినండి. టిక్... టిక్ టిక్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ టిక్. ఇది గైగర్ కౌంటర్, రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్ మనే పరికరం. ఈ హాల్లో రియాక్టర్ లేదు, ఎక్స్‌రే మిషన్ లేదు. అయినా మోగుతూనే ఉంది. ఎందుకు? ఈ గోడల్లో రవ్వంత యురేనియం, రవ్వంత థోరియం ఉంటాయి. నేలలోంచి రేడాన్ అనే వాయువు ఊరుతూ ఉంటుంది. పైనుంచి కాస్మిక్ కిరణాలు పడుతూనే ఉంటాయి. అంతెందుకు, మన ఒంట్లో పొటాషియం ఉంది కదా, అందులో కొంచెం రేడియోధార్మిక పొటాషియం. ఎదిగిన మనిషి ఒంట్లో సెకనుకు సుమారు 4,000 పొటాషియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. మీ ఒంట్లోనూ, నా ఒంట్లోనూ.

ఇదంతా ఎందుకు వినిపించానంటే, రేడియేషన్ అనగానే మనం అడిగేది ఒకే ప్రశ్న. ఉందా, లేదా? ఉంది. ఎక్కడైనా, ఎప్పుడైనా ఉంది. కాబట్టి ఆ ప్రశ్న వల్ల లాభం లేదు. అడగాల్సింది వేరే. ఎంత ఉంది? ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరు కొలిచారు? కొలిచింది మనకు ఎప్పుడు చెప్పారు? మొదటి రెండింటి మీద పుస్తకాలు బోలెడు ఉన్నాయి. నేను ఇవాళ పట్టుకునేది చివరి రెండింటినే.

ముందే ఒక మాట. నేను ముప్ఫై ఏళ్లుగా ఆసుపత్రుల్లో రేడియేషన్ కొలిచే పని చేస్తున్నాను. అణు విద్యుత్ వాళ్ల తరఫున రాలేదు. దాన్ని మూసేయాలని పోరాడేవాళ్ల తరఫునా రాలేదు. రెండు వైపులా నాకు స్నేహితులున్నారు, ఇద్దరితోనూ గొడవలున్నాయి.

ఒకసారి ఒకావిడ తన ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తీసుకుని నా గదికి వచ్చింది. పిల్లాడు పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది, డాక్టరు సీటీ స్కాన్ రాశారు. చేతిలో ఆ కాగితం నలిగిపోయి ఉంది. "సార్, ఈ స్కాన్ వల్ల క్యాన్సర్ వస్తుందటగా" అని అడిగింది. అంతకుముందు ఎవరినో అడిగితే "ఏం కాదమ్మా, భయపడకు" అని పంపించేశారట. ఏం కాదు అన్నాకే ఆమెకు టెన్షన్ ఎక్కువైంది. ఏదో దాస్తున్నారు అనిపించింది. నేను ఆ కాగితం వెనకే రాసి చూపించాను. ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదిలో వచ్చేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే దాదాపు ఒక ఏడాదిలో ఊరికే వచ్చేది, ఇప్పుడు ఒక్కసారిగా వస్తుంది. క్యాన్సర్ రిస్క్ సున్నా కాదమ్మా, చాలా తక్కువ. పిల్లలకు పెద్దవాళ్లకన్నా కొంచెం ఎక్కువ. కానీ తలలోపల రక్తం కారుతూ ఉంటే అది చూడకుండా వదిలేయడం దానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. అంతే చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, "సున్నా కాదని చెప్పింది మీరే సార్" అని పిల్లాణ్ణి స్కాన్‌కి తీసుకెళ్లింది.

చూడండి, ఆమెకు ధైర్యం ఇచ్చింది "సున్నా" కాదు. "సున్నా కాదు" అన్న మాటే ధైర్యం ఇచ్చింది. ఈ విషయం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కొలమానం గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాది గాలిలో మాటలవుతాయి. మామూలు జనానికి, ప్రకృతి నుంచీ వైద్యం నుంచీ వచ్చేది కాకుండా, ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని అంతర్జాతీయ సిఫారసు. మా లాంటి ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. ఒకేసారి 1,000 తగిలితే వాంతులు, జబ్బు మొదలవుతాయి. 4,000 నుంచి 5,000 తగిలి, వైద్యం అందకపోతే సగం మంది బతకరు. పై చివర ఇంత ఖచ్చితంగా తెలుసు. గొడవంతా కింది చివరే, 100 కన్నా తక్కువ ఉన్నచోట.

అక్కడ ఏముంది? హిరోషిమా, నాగసాకీల్లో బతికి బయటపడినవాళ్లను 1950 నుంచి గమనిస్తూ వస్తున్నారు. మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్లు పెరిగాయి. ఆ పెరుగుదలను కాగితం మీద గీతగా గీసి, ఆ గీతను తిన్నగా సున్నా దాకా దించితే వచ్చే లెక్కనే ప్రపంచమంతా భద్రతా నియమాలకు వాడుతోంది. 2006లో అమెరికా జాతీయ అకాడమీ నివేదిక ఒక లెక్క చెప్పింది. 100 మంది మనుషులను తీసుకోండి. వాళ్లలో 42 మందికి జీవితకాలంలో వేరే కారణాలతోనే క్యాన్సర్ వస్తుంది. ఆ 100 మందికీ తలా 100 మిల్లీసీవర్ట్‌లు ఇస్తే ఇంకొక్కరికి వస్తుంది. ఆ ఒక్కరు ఎవరో ఎవరూ చెప్పలేరు. 43 మందిలో ఎవరి మీదా ముద్ర ఉండదు. అందుకే ఒకరు "ఎవరికీ ఏమీ కాలేదు" అనగలుగుతున్నారు, ఇంకొకరు "ప్రతి క్యాన్సరూ దానివల్లే" అనగలుగుతున్నారు. ఆ ముద్ర లేకపోవడమే ఇద్దరికీ అండ.

ఈ గీత నిజంగా తిన్నగా ఉంటుందా? ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షల మందికి పైగా అణు ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించి 2023లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ మోతాదుల దగ్గరా రిస్క్ కనిపిస్తోందనే వచ్చింది. మరోవైపు కేరళలో కరునాగప్పళ్ళి తీరం ఉంది. అక్కడి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో థోరియం. మామూలు చోట్లకన్నా ఎన్నో రెట్లు రేడియేషన్. తరతరాలుగా అక్కడే ఉంటున్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, 2009లో ప్రచురించారు, క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. రెండూ నిజాయతీగా చేసిన పనులే. ఒకటి చూపించి రెండోది దాచిపెట్టేవాణ్ణి మాత్రం, ఏ వైపు వాడైనా సరే, నేను నమ్మను.

దీపం సంగతి

ఇప్పుడు అసలు కథకు వస్తాను. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. అమెరికా పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం, రెండో యూనిట్. నీళ్లు పంపే పంపులు ఆగిపోయాయి. కొన్ని సెకన్లలో రియాక్టర్ తనంతట తానే ఆగింది. అంతవరకూ బాగానే ఉంది. పెరిగిన ఒత్తిడి తగ్గించడానికి పైనున్న ఒక వాల్వ్ తెరుచుకుంది. పది సెకన్లు పోయాక మూసుకోవాలి. మూసుకోలేదు. ఇరుక్కుపోయింది.

కంట్రోల్ రూమ్‌లో ఆ వాల్వ్‌కి ఒక చిన్న దీపం ఉంది. తెరుచుకుంటే వెలుగుతుంది, మూసుకుంటే ఆరుతుంది. అలాగని అందరూ అనుకున్నారు. కానీ ఆ దీపానికి తీగ కలిపింది వాల్వ్‌కి కాదండీ. వాల్వ్‌కి వెళ్లే ఆజ్ఞకు కలిపారు. "మూసుకో" అని కరెంటు సంకేతం వెళ్లగానే దీపం ఆరిపోతుంది. వాల్వ్ మూసుకుందా లేదా అన్నది దీపానికి తెలియదు. ఆ రాత్రి దీపం ఆరింది. ఆపరేటర్లు చూశారు. వాల్వ్ మూసుకుందనుకున్నారు. వందకు పైగా అలారాలు ఒక్కసారిగా మోగుతున్నాయి. రియాక్టర్‌లో నీళ్లు ఎక్కువయ్యాయని అనుకుని, అత్యవసరంగా వస్తున్న నీళ్లను వాళ్లే తగ్గించేశారు. రెండు గంటల 20 నిమిషాలకు పైగా, రియాక్టర్‌ను చల్లబరచాల్సిన నీళ్లు ఆ కంతలోంచి పోతూనే ఉన్నాయి. చివరికి షిఫ్ట్ మారి కొత్తగా వచ్చిన మనిషి అనుమానించి వెనకున్న ఇంకో వాల్వ్ మూయించాడు. అప్పటికే ఆలస్యం. రియాక్టర్ నడిమధ్యలో ఇంధనం ఉండే భాగాన్ని కోర్ అంటారు. కోర్‌లో దాదాపు సగం కరిగిపోయిందని కొన్నేళ్ల తర్వాత లోపలికి కెమెరా దింపితే గానీ తెలియలేదు.

ఆపరేటర్లు మూర్ఖులా? కాదు. దీపం వాళ్లకు అబద్ధం చెప్పింది. ఆజ్ఞ ఇచ్చామన్నదాన్ని, పని జరిగిందన్నట్టు చూపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంకా బాధ కలిగించేది ఉంది. సరిగ్గా ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్ కేంద్రంలో ఇలాంటి వాల్వే ఇలాగే ఇరుక్కుంది. అక్కడి ఆపరేటర్లూ నీళ్లు తగ్గించేశారు. రియాక్టర్ తక్కువ పవర్‌లో ఉంది, 20 నిమిషాల్లో కనిపెట్టారు, బతికిపోయారు. అది మళ్లీ జరగవచ్చని హెచ్చరికలు రాసిన ఇంజనీర్లు ఉన్నారు. ఆ కాగితాలు త్రీ మైల్ ఐలండ్ ఆపరేటర్ల దాకా రాలేదు.

అక్కడ చుట్టుపక్కల జనానికి అందిన రేడియేషన్ చాలా తక్కువ. 20 లక్షల మందికి సగటున ఒక ఛాతీ ఎక్స్‌రే అంత కూడా కాదు. కానీ ఆ వారంలో లక్షా 40 వేల మంది దాకా ఇళ్లు వదిలి వెళ్లారు. పొద్దున ఒకరు ఏమీ కాలేదంటారు, మధ్యాహ్నం ఇంకొకరు హైడ్రోజన్ పేలుతుందంటారు. ఇల్లు వదిలినవాళ్లది అజ్ఞానం అనకండి. అంత గందరగోళంలో పిల్లలున్న ఎవరైనా అదే చేస్తారు.

చెర్నోబిల్, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్. 1986 ఏప్రిల్ 26, అర్ధరాత్రి దాటాక 1 గంట 23 నిమిషాలు. ఆ రియాక్టర్ డిజైన్‌లోనే పెద్ద లోపం ఉంది. నీరు ఆవిరైతే పవర్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. దానికి తోడు, పవర్‌ను తగ్గించడానికి లోపలికి దించే కంట్రోల్ రాడ్ల కొసలకు గ్రాఫైట్ ఉంది. అత్యవసరంగా ఆపే బటన్ నొక్కితే, ఆ రాడ్లు దిగేటప్పుడు మొదటి క్షణాల్లో కింది భాగంలో పవర్ పెరుగుతుంది. బ్రేక్ తొక్కితే బండి ముందు ఒక్క దూకు దూకినట్టు. ఇది ఎవరికీ తెలియదా? తెలుసు. 1983లో లిథువేనియాలోని ఇగ్నాలినాలో ఇదే రకం రియాక్టర్‌ను పరీక్షిస్తున్నప్పుడు కనిపించింది. ఆ రాత్రి బటన్ నొక్కిన ఆపరేటర్లకు మాత్రం అందులో ఉన్న ప్రమాదం ఎవరూ చెప్పలేదు.

ఇక తర్వాత. ప్రిప్యాత్ పట్నంలో 49,000 మంది. ఆ పొద్దున పిల్లలు బడికి వెళ్లారు. ఊరు ఖాళీ చేయించింది సుమారు ఒకటిన్నర రోజు గడిచాక. ప్రపంచానికి ఎలా తెలిసింది? ఏప్రిల్ 28 పొద్దున, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అలారం మోగింది. తమ రియాక్టరే కారుతోందేమోనని వాళ్లు ముందు తమ దగ్గరే వెతుక్కున్నారు. సోవియట్ ప్రభుత్వం ఆ సాయంత్రం గానీ నోరు విప్పలేదు, అదీ నాలుగు ముక్కల్లో.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ ప్రమాదంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది పేలుడు కాదు, పాలు. రియాక్టర్ నుంచి బయటపడ్డ అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడుతుంది. ఆవు మేస్తుంది. పాలలోకి వస్తుంది. ఆ పాలు పిల్లలు తాగుతారు. పిల్లల మెడలో థైరాయిడ్ చిన్నది, అయోడిన్ దొరికితే లాగేసుకుంటుంది. కానీ ఈ అయోడిన్ అర్ధాయువు 8 రోజులే. ప్రతి 8 రోజులకూ సగమవుతుంది. రెండున్నర నెలలు గడిస్తే వెయ్యో వంతు మిగులుతుంది. అంటే పిల్లల్ని కాపాడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కొన్ని వారాలు ఆ పాలు పొయ్యవద్దు అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చాలా పల్లెలకు వేళకు చేరలేదు. పక్క దేశం పోలండ్‌లో అధికారులు కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ మందు తాగించారు, థైరాయిడ్ ముందే దానితో నిండిపోయి రేడియోధార్మిక అయోడిన్‌ను లాక్కోకుండా. ఉక్రెయిన్, బెలారస్, రష్యా కలుషిత ప్రాంతాల్లో, అప్పటికి పిల్లలుగా ఉన్నవాళ్లలో 2005 నాటికి 6,000 పైచిలుకు థైరాయిడ్ క్యాన్సర్లు. అందులో చాలా భాగం ఆ పాల వల్లే. దాదాపు అందరూ చికిత్సతో బతికారు, 15 మంది పోయారు. బతికినవాళ్ల మెడ మీద కోత మచ్చ ఉంది, జీవితాంతం మాత్ర ఉంది. ఇది అణువు చేసిన పనా, మనిషి చేసిన పనా? మీరే చెప్పండి.

మొత్తం ఎంతమంది పోయారని అడుగుతారు. రేడియేషన్ జబ్బు 134 మందికి వచ్చింది, వాళ్లలో 28 మంది ఆ ఏడాదే చనిపోయారు. ఇది పేర్లతో ఉన్న లెక్క. ఎక్కువ రేడియేషన్‌కు గురైన 6 లక్షల మందిలో దీర్ఘకాలంలో 4,000 దాకా మరణాలు ఉండవచ్చని 2005లో ఐక్యరాజ్య సమితి సంస్థల బృందం అంచనా వేసింది. యూరప్ అంతా కలిపి లెక్కేసినవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ చెప్పారు. తేడా ఎందుకంటే, ఇందాక చెప్పిన ఆ గీతను ఎవరెవరి దాకా గీస్తారన్నదాని మీద ఉంటుంది. 28 నిజం, 4,000 అంచనా. రెండింటినీ ఒకే గొంతుతో చెప్పకూడదు.

గాలి ఎటు వీచింది?

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం. 2011 మార్చి 11. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లన్నీ సక్రమంగా ఆగాయి. ఆగిపోతే సరిపోతుందా? సరిపోదు. రియాక్టర్ ఆపిన క్షణంలో కూడా అది అంతకుముందు ఇచ్చిన వేడిలో 6 శాతానికి పైగా ఇస్తూనే ఉంటుంది. పొయ్యి ఆర్పినా నిప్పుల వేడి పోదు కదా, అలా. రోజులూ వారాలూ నీళ్లు తిరుగుతూ ఉండాలి. ముప్పావు గంట దాటాక సునామీ వచ్చింది. డీజిల్ జనరేటర్లు నేలమాళిగల్లో ఉన్నాయి, మునిగిపోయాయి. కంట్రోల్ రూమ్ చీకటి. మీటర్లు కూడా చూపించడం లేదు. అప్పుడు ఆ ఉద్యోగులు ఏం చేశారో తెలుసా? పార్కింగ్‌లో ఉన్న కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి మీటర్లకు కలిపారు. టార్చిలైట్ల వెలుగులో అంకె చదివారు. లోపల ఏం జరుగుతోందో తెలియాలి, ముందు అది తెలియాలి. ఆ మనుషుల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

మరి సునామీ అంత ఎత్తు వస్తుందని ఎవరికీ తెలియదా? 2008లోనే ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీ లోపల ఒక లెక్క వేశారు. 15.7 మీటర్ల దాకా రావచ్చని వచ్చింది. ఇంకా పరిశీలిద్దాం అని పక్కన పెట్టారు. వచ్చింది దాదాపు అంతే. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరలో ఉన్న ఒనగావా అణు కేంద్రం ఎత్తున కట్టడం వల్ల నిలబడింది. ఇళ్లు పోయినవాళ్లు ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. పార్లమెంటు వేసిన విచారణ సంఘం 2012లో ఫుకుషిమాను మనుషులు చేసిన విపత్తు అంది.

త్రీ మైల్ ఐలండ్, చెర్నోబిల్, ఫుకుషిమా. మూడుచోట్లా తెలిసినవాళ్లు ఉన్నారు. తెలిసిన మాట అవసరమైన మనిషి దాకా రాలేదు.

నమీయే అని ఒక ఊరు. అక్కడి జనాన్ని వేల సంఖ్యలో త్సుషిమా అనే కొండ ప్రాంతానికి పంపారు. కేంద్రానికి దూరం కదా, క్షేమం అనుకున్నారు. పిల్లలు బయట ఆడుకున్నారు. ఆ రోజుల్లో గాలి వాయవ్యం వైపు తిరిగింది, సరిగ్గా త్సుషిమా వైపు. రేడియోధార్మిక మేఘం ఎటు పోతుందో చెప్పే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. ఎంత బయటికి వస్తోందో దానికి తెలియదు, కానీ ఎటు పోవచ్చో తెలుసు. ఆ పటాన్ని జనానికి చూపించింది మార్చి 23న. అప్పటికి చాలా రోజులు గడిచిపోయాయి. లెక్క పూర్తిగా లేదు కాబట్టి చెప్పలేదన్నారు. పూర్తి కాని లెక్కయినా ఆ ఊరివాళ్లకు ఒక దిక్కు చూపించేది కదా?

ఇప్పుడు రెండో పక్క చెప్పకపోతే నేనూ దీపం లాంటి పనే చేసినవాణ్ణి అవుతాను. ఫుకుషిమాలో భయం వల్ల, తొందరపాటు వల్ల కూడా ప్రాణాలు పోయాయి. 20 కిలోమీటర్ల లోపలున్న ఆసుపత్రులు, వృద్ధుల ఆశ్రమాల నుంచి మంచం మీదున్నవాళ్లను బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. మార్చి ముగిసేలోపు కనీసం 60 మంది రోగులు చనిపోయారు. ఫుకుషిమా జిల్లాలో తరలింపు, దాని తర్వాతి కష్టాల వల్ల పోయారని ప్రభుత్వం గుర్తించిన మరణాలు 2,300 దాటాయి. రేడియేషన్ వల్ల అని ప్రభుత్వం ఒప్పుకున్న మరణం ఒకటి, 2018లో, ఒక కార్మికుడిది. జనంలో రేడియేషన్ నేరుగా చేసిన హాని కనబడలేదని ఐక్యరాజ్య సమితి శాస్త్రీయ సంఘం చెప్పింది. ఖాళీ చేయించడం అసలే తప్పని నేను అనడం లేదు. అయోడిన్ మేఘం వస్తుంటే పిల్లల్ని తీసుకెళ్లాల్సిందే. కానీ ఎవరిని, ఎటు, ఎంత తొందరగా అన్నది కొలత చూసి చెప్పాలి.

అణు విద్యుత్‌ను సమర్థించే మిత్రులకు ఒక మాట. ఒక్కో యూనిట్ కరెంటుకు లెక్కేస్తే, చెర్నోబిల్, ఫుకుషిమా కలిపినా, బొగ్గు వల్ల పోయే ప్రాణాలు వందల రెట్లు ఎక్కువ. ఇది నిజం, గట్టిగా చెప్పండి. కానీ ఒక తల్లి "మా పిల్లలు తాగే పాలు సంగతేంటి" అని అడిగినప్పుడు బొగ్గు లెక్క చెప్పకండి. ఆమె అడిగింది బొగ్గు గురించి కాదు. పాల సంగతి చెప్పండి. వ్యతిరేకించే మిత్రులకూ ఒక మాట. పుట్టిన ప్రతి జబ్బు పిల్లాడి ఫొటో పెట్టి దానికి రియాక్టర్ పేరు తగిలించకండి. ఆ పిల్లాడి తల్లి తన తప్పేమోనని జీవితాంతం కుమిలిపోతుంది. మీరు ఆ బరువు మోయరు.

రియాక్టర్లలో మిగిలే వ్యర్థాల గురించి అడుగుతారని తెలుసు. ఫిన్లాండ్ ఒల్కిలువోటోలో 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వి, రాగి పెట్టెల్లో పెట్టి, చుట్టూ బంకమట్టి నింపే పద్ధతి సిద్ధం చేశారు. ఆ వ్యర్థాల్లో ఉండే ప్లుటోనియం-239 అర్ధాయువు 24,000 ఏళ్లు. ఆ పద్ధతి నిలుస్తుందనే నా నమ్మకం. దానికి కావాల్సిన డబ్బు, ఓపిక ఎన్ని దేశాలు పెడతాయన్నదే నా సందేహం.

మీరు ఏ పక్షం అని అడుగుతున్నారు, చీటీ కూడా వచ్చింది. చెప్తాను. తనిఖీ చేసేవాళ్లు కంపెనీ చేతి కింద లేని చోట, కొలతలు ఎప్పటికప్పుడు అందరికీ కనబడే చోట, తప్పు బయటపెట్టిన ఇంజనీరు ఉద్యోగం పోని చోట, రియాక్టర్ పక్కన ఇల్లు కట్టుకుని నా పిల్లలతో ఉంటాను. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఉండను, ఎంత కొత్త డిజైన్ అయినా ఉండను.

ఫుకుషిమా తర్వాత జరిగిన ఒక పనితో ఆపుతాను. ప్రభుత్వ అంకెల మీద నమ్మకం పోయాక జనమే కొలవడం మొదలుపెట్టారు. సేఫ్‌కాస్ట్ అనే స్వచ్ఛంద బృందం గైగర్ కౌంటర్లను కార్లకు కట్టి, వీధి వీధీ తిరిగి, పటం తయారుచేసి అందరికీ ఉచితంగా పెట్టింది. ఇవాకీ పట్నంలో తల్లులు కలిసి సొంతంగా ప్రయోగశాల పెట్టుకుని, ఇంటికి వచ్చే కూరగాయలు, బియ్యం తెచ్చి, ప్రమాదంలో బయటపడ్డ రేడియోధార్మిక సీజియం వాటిలో ఎంత ఉందో కొలిచారు. వాళ్లెవరూ శాస్త్రవేత్తలు కారు, నేర్చుకున్నారు. కొన్నిసార్లు అంకె ఎక్కువొచ్చింది, పారేశారు. చాలాసార్లు తక్కువొచ్చింది, వండుకుని తిన్నారు.

ఇక మీ ప్రశ్నలు. ఈ పెట్టెను ఇటు చివరి నుంచి పంపిస్తున్నాను, తెర మీద అంకె చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. గోడకు ఆనించి ఒకసారి, మధ్యలో పట్టుకుని ఒకసారి చూడండి, తేడా తెలుస్తుందేమో. ముందు ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయి, అడగమ్మా.